చిక్కుడు పాదు, ప్రాథమిక వృథా

నీటిని పొదుపు చేయడం మనిషి మొదటి ధర్మం. పొదుపు చేసినట్టు రుజువు చూపడం అంతకన్నా మొదటి ధర్మం. (రెండూ మొదటివెలా అవుతాయని అడక్కండి. శాఖలో రెండు విభాగాలున్నాయి.)

ఈ ధర్మాన్ని నిలబెట్టడానికి పెరటి నీటి పొదుపు శాఖ ఒక నియమం తెచ్చింది. ప్రతి పెరట్లోనూ నల్ల పైపు పరిచి, మొక్క మొదట్లో బొట్టు బొట్టుగా నీరు పడేలా డ్రిప్పు పెట్టుకోవాలి. దాంతో కుళాయి వాడకం తగ్గాలి. తగ్గని పెరట్లో మొక్కలు పీకి కంకర పరుస్తారు. కంకరకు దాహం వేయదని శాఖ పరిశోధనలో తేలింది.

మా పెరట్లో ఉన్నదల్లా ఒక చిక్కుడు పాదు. మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనం. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తొలిచిన నీళ్లు పోసి పందిరికెక్కించింది. నాకన్నా దాన్నే బాగా చూసుకుంటుంది. (చిక్కుడు ఎదురు మాట్లాడదు.)

తనిఖీ అధికారి వచ్చి కుళాయి మీటరు చూశాడు, పాదు చూశాడు, మొహం ముడుచుకున్నాడు.

“తోటకి కుళాయి నీళ్లు ఎన్ని వాడతారమ్మా?”

“చుక్క కూడా వాడం బాబూ.”

“అదే వచ్చిన తంటా. సున్నాలోంచి ఏం తగ్గిస్తారు?”

“అసలు వాడకపోతే తగ్గించడం దేనికయ్యా?”

“వాడనివాళ్లు పొదుపరుల్లోకి రారమ్మా. తాగుబోతు తాగుడు మానేస్తే దండలేస్తారు. జన్మలో ముట్టనివాడికి ఎవరైనా వేశారా?”

నా మెడ తడుముకున్నాను. నిజమే, ఎవరూ వేయలేదు.

ఉపాయం కూడా ఆయనే చెప్పాడు. ఒక నెలపాటు గొట్టం పెట్టి నీళ్లు బాగా పారించాలి. దీన్ని శాఖలో ‘ప్రాథమిక వృథా’ అంటారు. తర్వాత డ్రిప్పు బిగిస్తే వాడకం దానంతటదే తగ్గుతుంది.

“పాదు తట్టుకుంటుందా బాబూ?” అంది మా ఆవిడ.

“అది మొక్కల శాఖ వాళ్లనడగాలమ్మా. మాది నీళ్లవరకే.”

కంకర భయంతో పారించాం. పెరడు నిండి వీధిలోకి పొర్లింది. పక్కింటాయన చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తూ, “ఏంటన్నా, చేపలేస్తున్నావా?” అన్నాడు.

“లేదు తమ్ముడూ, పొదుపు మొదలెట్టాం.”

మా ఆవిడ రోజూ ఆకులు తిప్పి చూసి గొట్టం కట్టెయ్యమనేది. గడువు కాలేదనేవాణ్ణి. ముందు ఆకులు పండాయి, తర్వాత వేరు కుళ్లింది. డ్రిప్పు బిగించేనాటికి పందిరి మీద ఎండుతీగ మిగిలింది. ఇక డ్రిప్పు తిప్పడమెందుకని మేమూ ఊరుకున్నాం.

అధికారి మళ్లీ వచ్చాడు. మీటరు చూసి మొహం చేటంత చేసుకున్నాడు.

“శభాష్! తోట వాడకం మొత్తం పడిపోయింది. ఈ పేటలో మీరే ఫస్టు!” అని మా గోడకు ‘ఆదర్శ పెరడు’ అని బిళ్ల కొట్టాడు.

“పాదు చచ్చిపోయింది కదయ్యా” అంది మా ఆవిడ.

“అందుకేనమ్మా ఇంత బాగా తగ్గింది.”

ఆవిడ గుప్పిట విప్పింది. ఎండుకాయల్లోంచి ఏరిన గింజలు. “మరి ఇవి పెట్టుకోవచ్చా?”

“తొందరపడకండి. మొలిస్తే వాడకం పెరిగినట్టవుతుంది. కంకర బండి ఇంకా ఈ వీధిలోనే తిరుగుతోంది.”

ఆవిడ గింజలను డబ్బాలో పోసి మూత బిగించింది. ఆయన దాన్ని కూడా పొదుపు కింద రాసుకున్నాడు.