బూట్లు బయట విడువవలెను

తాటిగుంటల మండలాఫీసుకి స్కీ బూట్లు లేకుండా వెళ్ళడం కుదరదు, ఎందుకంటే ఆ ఆఫీసున్న గుట్ట మీద పన్నెండు నెలలూ మోకాటి లోతు మంచు ఉంటుంది. కింద బస్టాండులో నలభై ఆరు డిగ్రీల ఎండకి తారు కరిగి చెప్పులకి అంటుకుంటున్నా, రోడ్డు దాటి గుట్ట మొదట్లో కాలు పెట్టగానే పళ్ళు టకటకా కొట్టుకుంటాయి. ఆఫీసు ఊరి మధ్యలో ఉన్నన్నాళ్ళూ ఈ బాధ లేదు. గుట్ట మీద కొత్త భవనం కట్టి ప్రారంభోత్సవం చేసిన రోజు నుంచీ మంచు పడుతోంది. మొదట్లో జనం వింతగా చూశారు. ఒకరిద్దరు పెద్దమనుషులు ఈ మంచు సంగతి ఏమిటో తేల్చమని అర్జీ రాశారు కూడా. అర్జీ ఇవ్వాలంటే గుట్ట ఎక్కాలి గనక ఆ విషయం అక్కడితో ఆగిపోయింది.

ఎక్కడానికీ దిగడానికీ ఒక పద్ధతి ఉంది. మోటారుకి కట్టిన మోకు ఒకటి గుట్ట మీదికి సాగుతూ ఉంటుంది. దాన్ని పట్టుకుని నిలబడితే అదే పైకి లాక్కుపోతుంది. దిగేటప్పుడు జారుకుంటూ రావడమే. కాళ్ళకి కట్టుకునే పలకలు ప్రభుత్వమే ఇస్తుంది, వాటికి బిగించుకునే బూట్లు మాత్రం అర్జీదారుడే తెచ్చుకోవాలి. వట్టి కాళ్ళతో పది అడుగులు వేస్తే వేళ్ళు నల్లబడిపోతాయి, అలా పోగొట్టుకున్న వేళ్ళకి ఆఫీసు బాధ్యత వహించదని బోర్డు ఉంది. అందుకే తాటిగుంటలలో ఎవరైనా మే నెల ఎండలో మంకీ క్యాపు పెట్టుకుని, కళ్ళకి వెల్డింగు షాపు అద్దాలు తగిలించుకుని, చంకలో బూట్ల జత ఇరికించుకుని వెళ్తుంటే ఏ కాగితం కోసమని అడుగుతారు తప్ప, ఇదేం వేషమని ఎవరూ అడగరు.

బస్సు కండక్టరు కోటిలింగానికి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావలసి వచ్చింది. అతని చెల్లెలు వజ్రానికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. తనదొకటి ఇస్తానని కోటిలింగం ముందుకొచ్చాడు, అది ఆమెకి సరిపోతుందని పరీక్షల్లో తేలింది కూడా. మంగళవారం ఆపరేషను. ఈలోగా, అంటే శనివారం సాయంత్రం ఐదింటిలోపల, వాళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళేనని మండలాఫీసు సంతకం చేసిన కాగితం ఆసుపత్రి కమిటీకి అందాలి. మీ ఇద్దరి ముక్కులూ ఒక్కలాగే ఉన్నాయని కమిటీలో డాక్టరే అన్నాడు గానీ, ముక్కు ధ్రువపత్రాల కిందికి రాదు. ఈ కమిటీ దాటితే మళ్ళీ మూడు నెలలకి. వజ్రం దగ్గర మూడు నెలలు లేవని ఆ డాక్టరే కోటిలింగాన్ని పక్కకి పిలిచి చెప్పాడు.

కొత్త స్కీ బూట్లు ఆ జిల్లాలో దొరకవు. పాతవైతే బస్టాండు వెనకాల పిచ్చయ్య దుకాణంలో ఉంటాయి. పిచ్చయ్య ఒకప్పుడు గొడుగులు బాగుచేసేవాడు. ఇప్పుడు అతని దుకాణం నిండా బూట్లే. ఎక్కడి నుంచి తెస్తావని ఎవరైనా అడిగితే, వస్తుంటాయిలే అంటాడు. కోటిలింగం పదకొండు రోజులు డ్యూటీ దిగగానే అక్కడికి వెళ్ళాడు. స్కీ బూటంటే మెత్తటి తోలు కాదు. రాయిలాంటి ప్లాస్టిక్కు డొప్ప, లోపల దూది మెత్త, పైన బిగువు మార్చుకోవడానికి పళ్ళున్న నాలుగు కొక్కేలు. మెత్త పాతబడే కొద్దీ తొడిగినవాడి కాలికి తగ్గట్టు అణిగిపోతుంది. కాబట్టి పాత బూట్లలో కాలు పెట్టడమంటే ఇంకొకడి కాలిగుంటలో కాలు పెట్టడమే. ఒక జత మడమ దగ్గర బాగుంటే పిక్క దగ్గర కోసింది. ఇంకో జత పిక్క దగ్గర బాగుండి చిటికెనవేలు నొక్కేసింది. పొద్దున పూట కొలత చూసుకోవద్దని, సాయంత్రానికి కాళ్ళు పొంగుతాయని, అప్పుడు సరిపోయినవే సరైనవని పిచ్చయ్య ఓపిగ్గా చెప్పేవాడు. నిటారుగా నిలబడితే బొటనవేలు ముందుగోడకి ఆనాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి రావాలి, మడమ మాత్రం చచ్చినా లేవకూడదు. పైన వరస తొమ్మిది గంటలైనా సాగుతుంది, నొప్పికి ఓర్చలేక పక్కకి జరిగినవాడి టోకెను రద్దవుతుంది. అందుకని హాయిగా ఉండే బూట్లు దొరక్కుండా గుట్ట ఎక్కడం దండగ.

గురువారం సాయంత్రం ఒక ఊదారంగు జత దొరికింది. కోటిలింగం కాలు అందులో ఇంటికొచ్చినట్టు దిగింది. పదకొండు రోజుల తరవాత అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి. పిచ్చయ్య ఆ జతని కాగితంలో చుట్టిస్తూ, ఇంత హాయైనవి పైన గుమ్మం దగ్గర ఎక్కువసేపు ఆగవు అన్నాడు. అదేదో వ్యాపారస్తుడి మాటలే అనుకుని కోటిలింగం పట్టించుకోలేదు.

శనివారం పొద్దున్నే మోకు పట్టుకున్నాడు. పైన వరసలో అతని వెనక టోకెను యేసోబుది. ఇటుక బట్టీలో పనిచేసే మనిషి, యాభై దాటి ఉంటాయి. కూతురు సువార్తకి నర్సింగు కాలేజీలో సీటు వచ్చిందనీ, కులం సర్టిఫికెట్టు సోమవారం లోపల ఇవ్వకపోతే సీటు ఇంకొకరికి పోతుందనీ ఆయన చెప్పాడు. వాళ్ళ పేటలో ఇంతవరకూ కాలేజీ మొహం చూసిన ఆడపిల్ల లేదట. ఆయన బూట్లు అరసైజు తక్కువ. నిమిషానికోసారి ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ పంటి బిగువున నిలబడ్డాడు. కోటిలింగం వంగి ఆయన బూట్ల పై కొక్కెం ఒక పన్ను వదులు చేశాడు.

"కండక్టరు గారూ, మీరు పుణ్యాత్ములండీ. ఇప్పుడు పానం లేచొచ్చింది," అన్నాడు యేసోబు.

ఆ తరవాత ఇద్దరూ తెచ్చుకున్న చద్దన్నం పంచుకున్నారు. కోటిలింగం వజ్రం గురించి చెప్పాడు. మీ చెల్లెలికి ఏం కాదండీ, ఆదివారం ప్రార్థనలో పేరు చెప్తాను అని యేసోబు ఆమె పేరు రెండుసార్లు అడిగి గుర్తుపెట్టుకున్నాడు.

పదకొండున్నరకి కోటిలింగం టోకెను పిలిచారు. తహసీల్దారు గది గుమ్మం పక్కన గోడ మీద 'బూట్లు బయట విడువవలెను' అని రాసుంది. లోపల కొత్త పాలరాయి పరిచారు, దేవుడి పటం కూడా ఉంది. కోటిలింగం ఊదారంగు బూట్లు విప్పి, పక్కపక్కన సర్ది, లోపలికి వెళ్ళాడు. పని అనుకున్నదానికన్నా తొందరగా అయింది. తహసీల్దారు తలెత్తకుండానే సంతకం పెట్టాడు. కోటిలింగం కాగితం పట్టుకుని బయటికొస్తుంటే యేసోబు లోపలికి వెళ్తూ ఎదురుపడి, అయిందాండీ అని అడిగి నవ్వాడు.

బయట ఊదారంగు బూట్లు లేవు.

గుమ్మం దగ్గర బల్ల వేసుకుని అటెండరు నాగభూషణం కూర్చున్నాడు. మర్యాదస్థుడు, ఎవరినీ కసురుకోడు. బూట్లు ఎవరో ఎత్తుకుపోయారని కోటిలింగం చెప్పగానే, ఎత్తుకుపోవడమేమిటండీ, ఇచ్చాం అన్నాడు. ఆఫీసు వెనక రికార్డు గది వరండా కేసి చెయ్యి చూపించాడు. అక్కడ జనం కూర్చుని ఉన్నారు. ఆడా మగా కలిపి రెండు వందల పన్నెండు మంది. కాళ్ళకి పాత ఫైళ్ళ అట్టలు చుట్టుకుని, పురికొసతో కట్టుకున్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ధ్రువపత్రం ఉంది. అందరి పనీ అయిపోయింది. దిగడానికి బూట్లు లేవు, అంతే.

నాగభూషణం చెప్పిన ప్రకారం పద్ధతి చాలా సులువు. లోపలికి వెళ్ళినవాడి బూట్లు వరండాలో అందరికన్నా ముందు నుంచీ ఉన్నవాడికి ఇస్తారు. బూట్లు పోయినవాడి పేరు జాబితా చివర చేరుతుంది. రోజుకి ఇద్దరు ముగ్గురికి మించి లోపలికి పిలుపు రాదు, ఆదివారాలూ పండగలూ సెలవు. ఆ లెక్కన కోటిలింగం వంతు వచ్చే పండగల తరవాత ఎప్పుడో వస్తుంది. కిందికి దిగినవాళ్ళు బూట్లు పిచ్చయ్యకి ఇచ్చేస్తారు, ఇంట్లో పెట్టుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. కింద ఊళ్ళో వీళ్ళ ఇళ్ళవాళ్ళని అడిగితే, మా ఆయన మండలాఫీసుకి వెళ్ళాడండీ అంటారు. వెళ్ళి నాలుగు నెలలైనా సరే, అందులో ఎవరికీ వింత కనబడదు.

కోటిలింగం జేబులోంచి ఆసుపత్రి కాగితం తీసి చూపించాడు. నాగభూషణం దాన్ని శ్రద్ధగా చదివి, మీరు ముందే చెప్పాల్సిందండీ, అత్యవసరం కిందికి వస్తారు, తరవాతి జత మీకే అన్నాడు. ఆ తరవాతి జత గుమ్మం దగ్గరే ఉంది. బూడిదరంగుది, అరసైజు తక్కువ, పై కొక్కెం ఒక పన్ను వదులుగా ఉంది.

నాగభూషణం రిజిస్టరు తెరిచి పెన్ను ఇచ్చాడు. పేరు, ఊరు, కారణం. నాలుగో గడిలో 'ఈ బూట్లు ఎవరివో ఎరుగుదునా' అని ఉంది.

"ఎరుగుదును అని రాస్తే?" అని కోటిలింగం అడిగాడు.

"అప్పుడు ఇవ్వకూడదండీ. తెలిసినవాళ్ళవి తీసుకుంటే తరవాత మనస్పర్థలొస్తాయని పైవాళ్ళు పెట్టిన నిబంధన. ఎరుగను అని రాసి, ఎరుగుదురని తరవాత తేలితే ధ్రువపత్రం రద్దవుద్ది. అందుకే కిందికెళ్ళినాక ఇక్కడి సంగతులు ఎవరూ మాట్లాడరు."

తలుపు అవతల యేసోబు గొంతు వినబడుతోంది. కూతురు పేరు ఎలా రాయాలో నిదానంగా, ఒక్కో అక్షరం చెబుతున్నాడు. వరండాలో రెండు వందల పన్నెండు మందీ కోటిలింగం వైపే చూస్తున్నారు. ఆ చూపుల్లో కోపమేమీ లేదు. వాళ్ళు కూడా ఆ గడి ముందు నిలబడే రోజు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళే. గడియారం పన్నెండు కావస్తోంది. ఆసుపత్రి ఉన్న పట్నానికి మూడు గంటల ప్రయాణం.

కోటిలింగం 'ఎరుగను' అని రాశాడు. అతని దస్తూరీ ఎప్పుడూ బాగుంటుంది. ఆ రోజు కూడా బాగానే ఉంది.

బూట్లలోకి కాళ్ళు దిగలేదు. మంచు మీద కూర్చుని రెండు చేతులతో లాగి తొడుక్కున్నాడు. వేళ్ళు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. పలకలు బిగించుకుని జారడం మొదలుపెట్టగానే నొప్పి తుంటి దాకా పాకింది. ఏడ్చాడు. నొప్పికే ఏడుస్తున్నాననుకున్నాడు. సగం దూరం వచ్చేసరికి మెత్త అణిగి, వేళ్ళు సర్దుకుని, బూట్లు హాయిగా ఉన్నాయి.

కాగితం నాలుగూ నలభైకి కమిటీకి చేరింది. వజ్రం మంచం మీద నుంచి లేవబోయి, కాళ్ళు బాగా నొప్పెట్టాయా అన్నయ్యా అని అడిగింది. మొదట్లో కాస్త, అన్నాడు. ఆమె మొహంలో చాలా రోజుల తరవాత రంగు కనిపించింది. దాన్ని చూస్తే ఎవరికైనా సంతోషం కలుగుతుంది, అతనికీ కలిగింది. ఆదివారం బూట్లు పిచ్చయ్యకి ఇచ్చేశాడు. పిచ్చయ్య ఏమీ అడగలేదు.

కోటిలింగానికి సెలవు సోమవారం మధ్యాహ్నం నుంచి ఇచ్చారు గనక ఆ పొద్దున డ్యూటీ చెయ్యక తప్పలేదు. ఎనిమిది గంటల ట్రిప్పులో పేట దగ్గర పద్దెనిమిదేళ్ళ పిల్ల ఎక్కింది. స్వెట్టరు మీద చున్నీ చుట్టుకుని, ఒళ్ళో బూట్లు పెట్టుకుంది. గుట్ట దగ్గరికి టిక్కెట్టు అడిగింది. మా నాన్న శనివారం పోయాడండీ, ఇంకా రాలేదు, ఈరోజే ఆఖరి రోజు, నేనే పోయి కాగితం తెచ్చుకుంటా అని అడక్కుండానే చెప్పింది. మొహం అచ్చం తండ్రిదే.

ఆమె తండ్రిని ఎరుగుదునని ఒక్క మాటంటే ధ్రువపత్రం రద్దు, మంగళవారం ఆపరేషను లేదు. కోటిలింగం టిక్కెట్టు చింపి ఇచ్చాడు. వెళ్ళిపోలేక, ఆమె సీటు పక్కనే నేల మీద కూర్చుని బూట్లు తొడిగించాడు. కొక్కేలు ఎలా పెట్టుకోవాలో చూపించాడు. నిలబడమని, బొటనవేలు ముందుగోడకి ఆనుతోందా అని, మోకాళ్ళు వంచితే వెనక్కి వస్తోందా అని అడిగాడు. ఒంటి పొర మేజోళ్ళే వేసుకోమన్నాడు. వరసలో పక్కకి జరగొద్దన్నాడు. తెలిసినవన్నీ చెప్పాడు, ఒక్కటి తప్ప. ఇంత మంచి కండక్టరుని ఎక్కడా చూడలేదని వెనక సీటు ముసలమ్మ మెచ్చుకుంది.

గుట్ట దగ్గర దిగుతూ ఆ పిల్ల వెనక్కి తిరిగింది.

"అంకుల్, సాయంత్రం తిరుగు బస్సు ఉంటదా?"

"ఐదింటికుందమ్మా," అన్నాడు కోటిలింగం.

అది నిజమే. ఐదింటి బస్సు రోజూ వస్తుంది, గుట్ట దగ్గర రెండు నిమిషాలు ఆగుతుంది, వెళ్ళిపోతుంది. అతను విజిలు ఊదాడు.