ఒంట్లో బాగున్న నలభై మంది

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, నాట్ల కాలం. సూర్యాపేట దవాఖానలో కోదాడ నుంచి వచ్చిన డాక్టరు భాస్కరరావు ఆ పొద్దున వేసుకున్న పథకం చిన్నదే. ఏ బాధా లేదని చెప్పే ఆడవాళ్లను నలభై మందిని పోగుచేయాలి, వేలిమీద పొడిచి నెత్తురు చూడాలి, శనివారం బస్సులో కాగితాలు హైదరాబాదుకు పంపాలి. పైకి ఏమీ కనిపించని ఆడవాళ్లలో లోపల ఏ జబ్బు దాగి ఉంటుందో తేల్చే పరిశోధన అది. తేలితే ఆయనకు హైదరాబాదు బదిలీ. తేలకపోతే ఈ దవాఖాన, ఈ కాంపౌండరు ఏసుపాదం, ఈ ఈగలు.

ఊళ్లో దండోరా వేసే బిక్షపతి డప్పు కొట్టి చాటాడు. "రోగం లేని ఆడోళ్లంత దవాఖానకు రావాలహో."

అరవై మంది వచ్చారు. అందరికంటే ముందు నాట్లు వేసే కూలి లింగమ్మ.

"ఒంట్లో ఎలా ఉందమ్మా?"

"ఏం ఉంటది సారూ. వంగి లేస్తే కండ్లు తిరుగుతున్నయి. నాలుగడుగులేస్తే ఆయాసం."

డాక్టరు ఆమె పేరు కొట్టేశాడు. బాధ చెప్పుకున్నవాళ్లు పనికిరారని హైదరాబాదు కాగితంలో ఉంది. వెనకున్న పోచమ్మకూ కళ్లు తిరుగుతున్నాయి. ఆమె వెనక గోపమ్మకూ ఆయాసమే. మధ్యాహ్నానికి అరవై పేర్లకూ కొట్టివేతలే మిగిలాయి.

"రోగం లేనివాళ్లను రమ్మంటే వీళ్లెందుకు వచ్చారయ్యా?"

"లేకనే వచ్చిన్రు సార్," అన్నాడు ఏసుపాదం. "బాగున్ననంటే దిష్టి తగలదా? మా అమ్మను సూడున్రి, నలభై ఏండ్ల సంది సచ్చిపోతనే ఉన్నది. పూటకు సేరు బియ్యం తింటది."

డాక్టరు తల పట్టుకున్నాడు. ఏసుపాదం మాత్రం నియమం తప్పని మనిషి. బాధ చెప్పుకున్నవాళ్ల జాబితా ఏ రోజుకారోజు పైవాళ్లకు పంపాలి. పంపాడు. ఒకే రోజు, ఒకే ఊరు, అరవై మందికి ఒకే బాధ. చదివినవాళ్ల గుండె జారింది. తెల్లారేసరికి మిర్యాలగూడ నుంచి జీపు దిగింది. అందులో టీకాల ఇనస్పెక్టరు మల్సూర్, జానెడు సూది. దిగగానే నిన్నటి అరవై మందినీ మళ్లీ దవాఖానకు పిలిపించాడు.

"గిదేం అంటురోగమో తెల్వదు. బాధున్నోళ్లందరికి సూదులేస్తం. లేనోళ్లు డాక్టర్ సాబ్ దిక్కు పోన్రి."

ఆ సూది పడితే చెయ్యి వాచి మూడు రోజులు లేవదు. నాట్లలో చెయ్యి లేవని మనిషిని ఎవరూ పిలవరు. లింగమ్మే మొదట కదిలింది.

"నాకేం బాధ సారూ? గుండ్రాయి లెక్కున్న."

"నిన్న కళ్లు తిరుగుతున్నాయన్నావు?"

"నిన్న తిరిగినయి. ఇయ్యాల నిలవడ్డయి."

గంటలో నలభై పేర్లు నిండాయి. డాక్టరు ఆనందంగా వేళ్లు పొడిచాడు. తెల్ల కాగితం మీద లింగమ్మ నెత్తుటి చుక్క కుంకుమ కడిగిన నీళ్లలా పాలిపోయి ఉంది. పోచమ్మదీ అంతే. నలభైలో ముప్పై ఎనిమిది అంతే.

"నీ ఒంట్లో సగం నెత్తురు కూడా లేదమ్మా. కళ్లు తిరగవూ? ఆయాసం రాదూ?"

లింగమ్మ జీపువైపు చూసి గొంతు తగ్గించింది. "నిన్న గదే కద సారూ చెప్పిన. ఉన్నదంటె పేరు కొడితివి. లేదంటె రోగమంటున్నవు. ఏనాడు ఏం చెప్పాల్నో జర నువ్వే చెప్పు."

డాక్టరు కలం ఎత్తాడు. బాధలున్నాయన్న నిజం రాస్తే ముప్పై ఎనిమిది పేర్లు కొట్టెయ్యాలి. కొట్టేస్తే హైదరాబాదు లేదు. కాసేపు ఈగలవంక చూశాడు. తర్వాత అందరికీ నెత్తురు పట్టే మందు ఇప్పించి, 'బాధలు' అన్న గడిలో పైనుంచి కిందిదాకా 'లేవు' అని రాశాడు.

నెల తిరక్కముందే బదిలీ ఉత్తరువు వచ్చింది. పెద్ద డాక్టర్లు ఆ పరిశోధనను తెగ మెచ్చుకున్నారట: ఒంట్లో నెత్తురు లేకపోయినా ఆ సంగతి తమకే తెలియని ఆడవాళ్లు సూర్యాపేటలో ఉన్నారని.