బిక్షమ్మ తోటలో ఎలుకల సదస్సు

చిట్యాల దగ్గరి మా ఊళ్లో బిక్షమ్మ కూరగాయల తోటను ఎలుకల బారి నుంచి విజయవంతంగా కాపాడామని గ్రామ కమిటీ తరఫున తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.

బిక్షమ్మది పది గుంటల తోట, అంటే పావెకరం. వంకాయ, టమాట, గట్టు పొడుగునా బీర తీగలు. వానలు తగ్గగానే ఎలుకలు దిగాయి. ఒక్కో టమాటను సగమే కొరికి పక్కదానికి పోయేవి. పక్క చేని ఐలేశం ఎలుకల మందు పెట్టుకొమ్మన్నాడు. నిరుడు ఆయన పెట్టిన మందు తిని బిక్షమ్మ మేకపిల్ల చచ్చిపోయింది. ఎలుకలు క్షేమం.

"ఐలేశమన్నా, నీ మందు నా తోటలకు తేకు" అందామె.

చదువుకోలేదు కాబట్టి చేతులతో పని చేసింది. గట్ల మీది గడ్డి కోసింది. రోజూ పొద్దున్నే బొరియలు వెతికి, రాళ్లు కుక్కి, మట్టితో పూడ్చింది. చుట్టూ సన్న ఇనుప జాలీని జానెడు లోతున పాతింది. నాలుగు బోన్లలో ఎండుచేప ముక్కలు కట్టింది. గుడ్లగూబలు వాలడానికి కర్రలు నాటింది. గుడ్లగూబను పిలవడం ఊరంతటికీ అరిష్టమని మేము పంచాయితీ పెట్టాం.

"నా మేకపిల్ల సచ్చిననాడు ఏ గూబ కూసింది?" అని అడిగింది.

ఈ ప్రశ్న అజెండాలో లేనందున తిరస్కరించాం.

నెల తిరిగేసరికి చెట్ల నిండా కాయలు నిలిచాయి. శుక్రవారం అంగడికి తీసుకుపోదామనుకుంది. అంతలో సంగతి తెలిసి వ్యవసాయ అధికారి దశరథ్ గారు విచ్చేశారు. ఎవరి ఆదేశమూ లేకుండా ఒక మంచి పని జరగడం నిబంధనలకు విరుద్ధం కనుక, గురువారమే 'విషరహిత మూషిక నియంత్రణ అవగాహన సదస్సు' జరపాలని నిర్ణయించారు. వేదిక తోటే.

టెంటు వేయడానికి జాలీ పీకారు. ఫ్లెక్సీకి అడ్డమని కర్రలు తీసేశారు. కుర్చీలు వంగ సాళ్లలో వేశారు. "ఎలుక కూడా ప్రకృతి మాత బిడ్డే! దానితో మనం సామరస్యంగా మెలగాలి!" అంటూ దశరథ్ గారు గంటన్నర ప్రసంగించారు.

"సారూ, జర కుర్చీ జరుపుండ్రి, చెట్టు నలుగుతాంది" అంది బిక్షమ్మ.

ఆమె ప్రసంగానికి కూడా చప్పట్లు కొట్టాం. శాలువా కప్పారు. ఫొటో సరిగా రాలేదని మళ్లీ కప్పారు.

భోజనాలయ్యాక దశరథ్ గారు పరిశీలన నిమిత్తం ఒక సంచి వంకాయలు కోయించారు. డ్రైవరు కూడా పరిశీలించాడు. పెద్దలు పరిశీలిస్తుంటే ప్రజలు ఊరుకోవడం మర్యాద కాదు కదా, అందరం సాళ్లలోకి దిగాం.

"రేపు అంగడున్నది, జర ఉంచుండ్రయ్యా! నెలంత నడుము ఇరగ్గొట్టుకున్న" అని బిక్షమ్మ ఒక్కొక్కరి వెంట తిరిగింది. ఆమెను ఎవరూ తోయలేదు. పక్కకు జరగమని మర్యాదగానే చెప్పాం.

'ఎలుకల వల్ల నష్టం శూన్యం' అని నివేదిక వెళ్లింది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. బిక్షమ్మ మాత్రం విరిగిన వంగ చెట్ల మధ్య కూర్చుని, పొద్దుగూకేదాకా లేవలేదు. ఆనందంతో అయి ఉంటుంది.

నా వంతుకు రెండు కిలోలు వచ్చాయి. ఇంట్లో గుత్తి వంకాయ చేశారు. మందు పడని పంట కదండీ, మనసుకు ఎంత నిమ్మళంగా ఉందో!