ఎ. కాంగస్ హాజరు

ఆ సోమవారం ఆర్లో కాంగస్ ఉదయం ఏడింటికే లేచాడు. సెలవుల్లో అతను పది దాటకుండా లేవడం చరిత్రలో లేదు. కాలేజీ ఉన్న ఊళ్లోనే నాన్నమ్మ ఐలీ ఇల్లుండటంతో నాలుగేళ్లుగా అక్కడే మకాం. ఇంట్లో మూడో మనిషి లేకపోవడం వల్ల ఈ వింతకు రావలసినంత ప్రచారం రాలేదు.

కారణం ఏమిటంటే, మే నెలలో పట్టా పుచ్చుకోవడానికి అతనికి మూడు క్రెడిట్లు తక్కువయ్యాయి. కిందటి టర్ములో రాళ్ల గురించి చెప్పే క్లాసు ఒకటి తీసుకున్నాడు. రాళ్లు ఎక్కడికీ పోవు కదా అని తను వెళ్లడం మానేశాడు. ఇలాంటి మేధావుల కోసమే కాలేజీవారు చలికాలం సెలవుల్లో ఒక ఏర్పాటు చేశారు. మూడు వారాలు, రోజూ తొమ్మిది నుంచి పన్నెండు దాకా కంప్యూటర్లోనే పాఠం, చివరికి మూడు క్రెడిట్లు. మూడు రోజులు రాకపోతే మాత్రం తప్పినట్టే. జాబితాలో లెక్కలూ ప్రయోగాలూ లేని క్లాసు ఒక్కటే కనబడింది. నీతిశాస్త్ర పరిచయం.

ఆర్లో పథకం చాలా గొప్పది. ఫోన్ జేబులో ఉంటుంది, పాఠం చెవిలో ఉంటుంది, కాళ్లు స్కీల మీద ఉంటాయి. మిషిగన్ ఉత్తరపు కొసన జనవరిలో మంచుకొండ పిలుస్తూ ఉంటే, నీతి కోసం ఇంట్లో కూర్చునేంత వెర్రివాడు కాదతను.

తొమ్మిదికి అయిదు నిమిషాలుందనగా చలికి ఫోన్ చచ్చిపోయింది. పక్కవాడి ఫోన్ అడుక్కుని ఇంటికి కొట్టాడు.

"నాన్నమ్మా, నా గదిలో కంప్యూటర్ తెరిచే ఉంది. దాంట్లో పచ్చ బొత్తాం నొక్కి వదిలెయ్. నువ్వేం మాట్లాడక్కర్లేదు."

"నొక్కితే ఏమవుద్ది?"

"నేను క్లాసులో ఉన్నట్టవుద్ది."

"మరి నువ్వెక్కడున్నావ్?"

"దార్లో ఉన్నా" అన్నాడు ఆర్లో, కొండ మీదికి మోసుకెళ్లే తీగకుర్చీ కోసం వరసలో నిలబడి.

డెబ్బై రెండేళ్ల ఐలీ పచ్చ బొత్తాం నొక్కింది. దాని పక్కన మరో రెండు వెలగకుండా ఉండేసరికి, పని సగంలో వదలడం ఇష్టంలేక వాటినీ నొక్కింది. అవి కెమెరా, మైకు. తెర మీద ఇరవై మొహాలు ప్రత్యక్షమయ్యాయి. వాటి మధ్య ఆమె మొహం, దాని కింద 'ఎ. కాంగస్' అనే పేరు.

చలికాలం పాఠాలు చెప్పడానికి చలి లేని అరిజోనాకి వెళ్లి కూర్చున్న ప్రొఫెసర్ ఫిలిపా ఆస్ట్రాండర్ జాబితా చదువుతోంది.

"ఎ. కాంగస్?"

"ఉన్నానమ్మా" అంది ఐలీ. ఇంగ్లీషులో ఆమె పేరూ ఎ అక్షరంతోనే మొదలు. తన పేరు పెట్టి పిలిస్తే పలక్కుండా ఎలా ఉంటుంది?

"ఈ వయసులో చదువుకోవడానికి వచ్చారు. చాలా సంతోషమండీ."

అంత మర్యాదగా పలకరించిన మనిషి ముందునుంచి లేచిపోవడం బాగుండదని ఐలీ కూర్చుండిపోయింది. సొంతవాళ్ల కోసం అబద్ధం ఆడవచ్చా అని ప్రొఫెసర్ అడిగింది. ఇరవైమంది విద్యార్థులూ తమ తమ ఇళ్ల పైకప్పులను శ్రద్ధగా పరిశీలించారు. ప్రొఫెసర్ మీద జాలేసి ఐలీయే మొదలుపెట్టింది.

"మా ఆయన వేటకాలం రెండ్రోజుల్లో మొదలవుద్దనగా జింకను కొట్టాడు. అటవీ అధికారి వచ్చాడు. మా కారు కింద పడి చచ్చిందని చెప్పా. ఏదీ కారు చూపించమన్నాడు. మీరు కాఫీ తాగుతూ ఉండండి, మంచు తుడిచొస్తానని వెళ్లి, సమ్మెట తీసుకుని కారు ముందు భాగానికి సొట్టలు పెట్టా."

"దాన్నుంచి మీరు తెలుసుకున్నదేమిటి?"

"అబద్ధం ఆడేముందు కారు ఎప్పుడు కొన్నామో చూసుకోవాలి. అది వారం కిందటే కొన్నది."

క్లాసు గొల్లుమంది. ప్రొఫెసర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

సాయంత్రం ఆర్లో వచ్చి చూస్తే, అతని పేరు పక్కన 'హాజరు' అని పచ్చగా మెరుస్తోంది. మనిషి వెళ్లకుండానే హాజరు పడటం కంటే మించిన సౌఖ్యం లోకంలో ఏముంటుంది?

"నాన్నమ్మా, రేపు కూడా కూర్చోవా? నాకు మోకాలు పట్టేసింది."

"కూర్చోడానికి మోకాలెందుకురా? అయినా నీ బదులు నేనుంటే ఆవిడ ఊరుకుంటుందా?"

"అడిగాను. సరేనంది."

అబద్ధాల గురించి ఆ ఉదయమే మూడు గంటలు పాఠం జరిగింది. కానీ ఆర్లో దానికి వెళ్లలేదు కదా.

అలా రోజూ ఐలీ క్లాసుకి, ఆర్లో కొండకి వెళ్లడం మొదలైంది. ఆమె పదకొండింటి విరామంలో కాఫీ పెట్టుకుని, తోటి విద్యార్థుల ప్రేమ తగాదాలు విని, ఎవరిని వదిలెయ్యాలో చెప్పేది. రాసే పని మాత్రం ఆర్లోది. రెండో వారం అతను వ్యాసం ఒకటి అరగంటలో రాసి పంపాడు. మర్నాడు క్లాసయ్యాక ప్రొఫెసర్ ఐలీని ఉండమంది.

"మీ మాటలు వింటుంటే నాకు నిద్ర మత్తు వదిలిపోతుంది. మీ వ్యాసం చదివితే మళ్లీ వచ్చింది. అది మీరు రాసింది కాదు. ఎవడో సోమరి కుర్రాడి చేత రాయించారు. దానికి సున్నా వేశాను."

'మీ వ్యాసం' అంటే మీ మనవడి వ్యాసమని అర్థం చేసుకున్న ఐలీకి తల కొట్టేసినట్టయింది. మనవడు గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుంటుండగానే పట్టుకుంది.

"ఎవడో సోమరి వెధవ చేత వ్యాసం రాయించావంట!"

"నేనే రాశా నాన్నమ్మా!"

"అబద్ధాలాడకు. ఆవిడ చదవగానే కనిపెట్టేసింది."

"ఒట్టు నాన్నమ్మా! ఆ సోమరి వెధవని నేనే!"

ఐలీ అతన్ని ఎగాదిగా చూసి, నమ్మింది. తరవాత వంటింటి బల్ల దగ్గర కూర్చుని తనే కాగితాల మీద ఇంకో వ్యాసం రాసింది. ఆర్లో దాన్ని ఫొటోలు తీసి పంపాడు. దానికి ఎ గ్రేడు వచ్చింది. తన చదువు బాగా సాగుతోందని ఆర్లో సంతోషించాడు.

మూడో వారం ఆ సంతోషం ఊరి పత్రికకెక్కింది. ప్రొఫెసర్ ఉబ్బితబ్బిబ్బై కాలేజీ వారికి ఉత్తరం రాయడం, వారు పత్రికకు ఫోన్ చేయడం, ఫొటోగ్రాఫర్ ఇంటికొచ్చి ఐలీ చేతిలో పుస్తకం పెట్టి ఫొటో తీయడం, అన్నీ ఆర్లో కొండ మీద ఉండగానే జరిగిపోయాయి. శుక్రవారం ఆఖరి క్లాసూ అయిపోయింది. సోమవారం సాయంత్రం కాలేజీ అధ్యక్షుడు ఆమెకు శాలువా కప్పుతాడట. ప్రొఫెసర్ అరిజోనా నుంచి విమానమెక్కి వస్తోందట.

సోమవారం మధ్యాహ్నానికి గానీ పత్రిక చూడని ఆర్లోకి స్కీలు తొడుక్కోకుండానే కాళ్లు జారాయి.

"నాన్నమ్మా, జ్వరమని చెప్పి పడుకో! ఆవిడ నిన్ను చూస్తే నన్ను కాలేజీలోంచి గెంటేస్తారు!"

"ఎందుకు గెంటుతారు? ఆవిడకి తెలుసన్నావుగా?"

ఆర్లో వంగి బూటు తాడు కట్టుకోసాగాడు. ఐలీ పొయ్యి ఆపింది. కోటు వేసుకుంది.

"పద."

"ఎక్కడికి?"

"నీకు నీతి చెప్పడానికి. మూడు వారాలు నేర్చుకున్నా."

కాలేజీ రికార్డుల గదిలో బెర్నడెట్ టల్ అనే అధికారిణి కంప్యూటర్ ముందుంది. ఎదురుగా, అప్పుడే విమానం దిగిన ప్రొఫెసర్ ఆస్ట్రాండర్, ఎరువు తెచ్చుకున్న మూడు కోట్లలో మునిగి వణుకుతోంది. ఐలీ కుర్చీలో కూడా కూర్చోలేదు.

"తప్పు జరిగిందమ్మా. క్లాసులో చేరింది వీడు, కూర్చుంది నేను. మీకు చెప్పాడనుకున్నా. ఆ సున్నా వచ్చిన వ్యాసం వీడిది. రెండోది నాది. ఆ శాలువా ఎవరికైనా చలేసేవాళ్లకి కప్పండి."

ప్రొఫెసర్ మూడు కోట్లలోంచి తల బయటపెట్టింది. ఆర్లో కళ్లు మూసుకుని తన నాలుగేళ్ల చదువుకి మనసులోనే వీడ్కోలు చెప్పుకున్నాడు.

టల్ తెర మీదికి వంగి చూసింది. "ఆర్లో కాంగస్ అనేవారెవరూ ఈ క్లాసులో లేరే."

"లేకపోవడమేంటండీ? నేనే కదా చేరాను!"

"ఆ పేరు ఉండేది. పత్రిక చూసి అధ్యక్షులవారు ఈవిడ వివరాలు అడిగారు. చూస్తే ఆర్లో అని ఉంది. ఎవరో టైపులో తప్పు చేశారనుకుని దిద్దేశాను. ఐలీ కాంగస్ పేరు మీద పాత దస్త్రం ఒకటి దొరికింది. పందొమ్మిది వందల డెబ్బై నుంచి రెండేళ్లు ఇక్కడే చదివారు."

ఆర్లో నాన్నమ్మ వైపు తిరిగాడు. "నువ్వు ఇక్కడ చదివావా?"

"పెళ్లయిన కొత్తలో. మీ నాన్న కడుపున పడ్డాక మానేశా."

"ఎప్పుడూ చెప్పలేదే!"

"నువ్వెప్పుడూ అడగలేదే" అంది ఐలీ. ఆ మాట అంటూ ఆమె కిటికీలోంచి బయటి మెట్లకేసి ఒక్క క్షణం చూసింది.

ప్రొఫెసర్ వేళ్ల మీద లెక్కేసింది. "పదిహేను రోజులు కూర్చున్నారు. తను రాయని దానికి ఒక సున్నా, రాసినదానికి ఒక ఎ. హాజరు కూడా కలిపితే నా లెక్కన బి వస్తుంది. అది ఈవిడదే."

"మరి నా మూడు క్రెడిట్లు?" అన్నాడు ఆర్లో.

టల్ కళ్లద్దాల మీదుగా చూసింది. "బాబూ, నువ్వు ఆ క్లాసుకి ఒక్కరోజైనా వెళ్లావా?"

ముగ్గురు ఆడవాళ్లూ అతని వైపే చూస్తున్నారు. అవునంటే ఏ రోజో చెప్పాలి. ఆ మూడు వారాల్లో తనెక్కడున్నాడన్న విషయంలో ఆర్లో నోటి వెంట మొదటిసారి నిజం వచ్చింది.

"లేదండి."

"అయితే ఇక గొడవే లేదు. చేరని, రాని విద్యార్థిని శిక్షించే కాగితం మా దగ్గర లేదు. క్రెడిట్లిచ్చే కాగితమూ లేదు."

ఐలీ అప్పుడు కూర్చుంది. "ఇంతకీ వచ్చే నెల నుంచి ఏమేం క్లాసులున్నాయమ్మా?" అని టల్‌ను అడిగింది.

మే నెలలో ఆర్లో స్నేహితులందరూ నల్లగౌన్లు తొడుక్కుని టోపీలు ఎగరేశారు. జూన్‌లో ఆర్లో వేసవి సెలవుల నీతిశాస్త్రం క్లాసులో, కెమెరా ముందు, స్వయంగా కూర్చున్నాడు. ఒక్కరోజు మానలేదు, వ్యాసాలన్నీ తనే రాశాడు. చివరికి సి వచ్చింది.

అది పూర్తిగా తన కష్టార్జితం కాబట్టి ఎవరికీ చూపించలేదు.