కారే పైపు, కొమ్ముల మొక్క

పైపు కారని ఇల్లు కూడా ఒక ఇల్లేనా? నన్నడిగితే, ఊళ్ళోని ప్లంబర్లందరికీ జీతాలిచ్చి ఇంట్లో కూర్చోబెట్టాలి. వాళ్ళు మనకు చేస్తున్న నష్టం ఇంతా అంతా కాదు!

నవ్వకండి. ఆధారాలున్నాయి.

మా పై వాటాలో చెల్లెలు ఉంటుంది. ఆమె పైపు కారి, మా వంటింటి కిటికీ పక్క గోడ ఎప్పుడూ తడిసి ఉండేది. కింద మట్టి చిత్తడి. రోజూ పొద్దున్నే నేను మెట్లెక్కి వెళ్ళేదాన్ని.

"గోడ కూలితే నా నెత్తి మీదేనే!"

"నీ నోటికి కూలనిది నా నీళ్ళకు కూలుతుందా అక్కా? కూర్చో, కాఫీ తాగు."

తిట్టి, తాగి, కాస్త మిగిలింది కూడా తిట్టి దిగేదాన్ని. నా మోకాళ్ళు చూసి డాక్టరే ఆశ్చర్యపోయాడు. పైపు బాగుంటే ఈ వ్యాయామం ఎవరు చేయిస్తారండీ?

ఆ చిత్తడిలోనే ఒక మొక్క మొలిచింది. నేలను కరుచుకున్న పచ్చటి రేకులు, వాటి మీద సూదుల్లా నిలబడ్డ కొమ్ములు. పాత పుస్తకాల కొట్లో కొన్న వృక్షశాస్త్రం తిరగేశాను. ఆంథోసెరాస్ అట. హార్న్‌వర్ట్ అని కూడా అంటారు. వేళ్ళు లేవు, పువ్వు లేదు, ఏ ఆర్భాటమూ లేదు. నాచులా పాకే మాసులు, లివర్‌వర్టులు దీనికి దగ్గరి చుట్టాలు. వాటికీ చెమ్మే కావాలి గానీ, ఇలాంటి కొమ్ములు మాత్రం దీనికే.

"మనింట్లో నీకున్నట్టు" అంది చెల్లెలు బాల్కనీలోంచి.

ఇంకా వినండి! దాని ఒంట్లో చిన్న చిన్న గదులుంటాయి. వాటిలో నాస్టాక్ అనే సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. అద్దెకు బదులు గాలిలోని నత్రజనిని పట్టి ఇంటివారికి వండి పెడతాయి. ఏ అపార్ట్‌మెంటులో ఉందండీ ఇంత సఖ్యత?

అన్నిటికన్నా గొప్పది ఆ కొమ్ము. అది తల్లి మొక్కకు పుట్టిన పిల్ల. అడుగు నుంచి పెరుగుతూనే ఉంటుంది. కొస చీలి, దాని సిద్ధబీజాలు గాలికి ఎగిరిపోతాయి. కొమ్ము మాత్రం తల్లిని వదిలి ఎక్కడికీ పోదు. స్టేషనుకు వెళ్ళి చెయ్యి ఊపే పనే లేని కుటుంబం! రైలు దిగేవాళ్ళను తప్ప ఎక్కేవాళ్ళను చూడలేని నాలాంటి మనిషికి ఇంకేం కావాలి?

ఇంత చదివి సంతోషంగా పైకెళితే, చెల్లెలు పెట్టెలు దులుపుతోంది.

"నీ పోరు పడలేక కొత్త ఫ్లాటు చూసుకున్నానక్కా. ఊరికి ఆ చివర. లిఫ్టుంది. కింద వాటాలో అక్క లేదు."

పోరు పెట్టింది నేనే కదా! పైపు బాగైతే పోరు ఉండదు, పోరు లేకపోతే ఆమె పోదు అని లెక్క వేసి, పరుగున ప్లంబరును పిలిపించాను.

"అయిపోయింది పెద్దమ్మా" అన్నాడతను చేతులు తుడుచుకుంటూ. "ఇక చుక్క పడితే నన్నడగండి."

నిజంగానే పడలేదు. అసలు కష్టం అప్పుడు మొదలైంది. మర్నాడు పొద్దున్నే మెట్ల దాకా వెళ్ళాను. ఏమని ఎక్కను? పైనుంచి పిలుపు లేదు. నా కాఫీ నేనే కలుపుకున్నాను. అది కాఫీలా లేదు. గోడ ఎండింది. రేకులు ముడుచుకున్నాయి. పెట్టెలు ఈడ్చిన చప్పుడు మాత్రం బాగా వినిపించింది.

ఆ తర్వాత రోజుల్లో ఒక ఉదయం, మొక్కనైనా బతికిద్దామని మగ్గుతో నీళ్ళు తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. గోడ అప్పటికే తడిసి ఉంది! తలెత్తి చూశాను. బాల్కనీలో మా చెల్లెలు. చేతిలో మగ్గు. చూపు మాత్రం ఆకాశంలోకి.

"ఒసేయ్! మళ్ళీ కారుతోందే!"

"కారుతుందేమో మరి. పైకొచ్చి తిట్టి పో. కాఫీ చల్లారిపోతోంది."

"ఫ్లాటు సంగతేంటి?"

"అక్కడ గోడలన్నీ ఒకటే పొడి అక్కా. నాకు పడదు."

నా మగ్గులో నీళ్ళు కూడా గోడకే పోసి మెట్లెక్కాను. మీకు ఆ ప్లంబరు కనిపిస్తే మాత్రం, పైపు భేషుగ్గా ఉందని చెప్పండి!