గరగర శాస్త్రమూ, అయిదుగురు కర్తలూ

పని చేసినవాడి పేరు కాగితం మీద వేయడమంత ప్రమాదకరమైన అలవాటు లోకంలో మరొకటి లేదు! అలా వేస్తూ పోతే శాస్త్రం ఏమైపోవాలి? పెట్టెలు మోసినవాడూ, గుంజ పాతినవాడూ పండితులై కూర్చుంటే, పండితులెక్కడ కూర్చోవాలి? ఈ ముప్పు నుంచి శాస్త్రాన్ని హాలెట్ దొరవారు ఎలా కాపాడారో చదువరులు తెలుసుకోదగినది.

దొరవారు 1926లో డుంబ్రిగుడ పైనున్న ఒక కొండఊరికి బోలెడు సామానుతో వేంచేశారు. ఆయన విద్య వైర్‌లెస్. అందరూ వైర్‌లెస్‌లో పాట వింటారు. ఆయన పాటకు అడ్డొచ్చే గరగర వింటారు. ఆ గరగర మబ్బుల్లోంచి వస్తోందా, చుక్కల్లోంచి వస్తోందా? ఇంతటి ప్రశ్న అన్నాళ్లూ తట్టకుండానే కొండవాళ్లు చోళ్లు పండించుకుని తింటున్నారు! ఏమి వెనుకబాటుతనం!

పరిశోధన ఫలితాలు చూడండి. మొదటి వ్యాసం: గరగర ఉన్నది. రెండోది: మొదటి వ్యాసంలో చెప్పినట్టే ఉన్నది. మూడోది: రాత్రి కూడా ఉన్నది. నాలుగోది: పై మూడింటినీ మళ్లీ పరిశీలించవలసి ఉన్నది.

సహకారం ఇంకా ముచ్చట. నాలుగో వ్యాసానికి కర్తలు అయిదుగురు. దొరవారు సరే. బ్యాటరీ ఎరువిచ్చిన కలకత్తా ప్రొఫెసరొకరు. లండనులో కూర్చుని ‘కానివ్వండి’ అని టెలిగ్రాం కొట్టిన పెద్దమనిషొకరు. వాల్తేరులో దొరవారితో పేకాడుతూ గరగర కబుర్లకు తలూపిన కెప్టెనొకరు. అయిదో ఆయన ఎవరో మిగతా నలుగురికీ తెలియదు. పేరు నిండుగా ఉందని ఉంచేశారు.

గరగర పట్టాలంటే కొండకొమ్మున ఎత్తయిన వెదురు గడ నిలిపి తీగ కట్టాలి. కట్టినవాడు ఆ ఊరి సోములమ్మ మొగుడు బుధు. జీలుగుచెట్టెక్కి కల్లు దించే మనిషికి గడ ఒక లెక్కా? గాలివానలో గరగర దివ్యంగా వినిపిస్తుంది కనుక, తీగ అప్పుడే బిగించమనేవారు దొరవారు. వైశాఖంలో ఒక సాయంత్రం బుధు గడ మీద ఉండగా పిడుగు పడింది. దొరవారి టోపీ ఎగిరిపోయింది. బుధు కింద పడ్డాడు, మరి లేవలేదు. టోపీ దొరికింది.

దొరవారు నొచ్చుకున్నారు. బుధు పేరు తన కాగితంలో వేయిస్తానని సోములమ్మకు మాట ఇచ్చి కొండ దిగారు.

ఆ ఊళ్లో పోయినవాడికి రాయి నిలుపుతారు. నిలిపేముందు పేరు పెట్టి పిలవాలి. పిలిస్తేనే తాను పోయానని తెలుసుకుని పెద్దల్లో కలుస్తాడు. ఒకరి పనిలో పోయినవాణ్ని ఆ పని పెట్టినవాడే పిలవాలి. పిలవకపోతే ఇంటి చూరు పట్టుకుని తిరుగుతూనే ఉంటాడు. కాగితంలో పడే పేరే దొర పిలుపనుకుని సోములమ్మ రాయిని తెప్పించి, పెరట్లో పడుకోబెట్టి, ఆ కాగితం కోసం కాచుకుంది. సంత జరిగినప్పుడల్లా బడిపంతుల్ని అడిగేది. ఇంట్లో మొగుడి ముంతలో అంబలి పోసి పెడుతూనే ఉంది. ఇంకా పోలేదు కదా మరి!

ఏడాది తిరిగాక ఆ నాలుగో వ్యాసం అచ్చయిన కాగితం బడికి వచ్చింది. ఊరిపెద్ద సోమన్న జనాన్ని రాయి చుట్టూ కూర్చోబెట్టాడు. పంతులు అయిదు పేర్లూ వరుసగా చదివాడు.

ఆ ఊళ్లో పేర్లు వరసపెట్టి పిలిచేది రాళ్ల దగ్గరే. ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. దొరబాబు కూడా పోయాడా అని పక్కింటి యర్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పరాయి దేశపు ప్రాణాలు దారి తెలియక ఎవరి చూరు పట్టుకుంటాయోనని, సోమన్న అయిదు రాళ్లు తెమ్మని పురమాయించాడు. వాళ్లంతా బతికే ఉన్నారని పంతులు చెప్పబోయాడు.

“బతికున్నోడి పేరు అలాగ రాసి ఊరూరా పంపుతారేటి బాబూ? అపచారం కాదేటి?” అని కసురుకున్నాడు సోమన్న.

జీవించి ఉండగానే ఇంతటి గౌరవం ఏ శాస్త్రజ్ఞుడికి దక్కింది, చెప్పండి!

సోములమ్మ మాత్రం ఏడవలేదు. “అయిపోనాయా పంతులుబాబూ?” అంది.

వ్యాసం లోపల ఇంకో వాక్యం ఉంది: ‘పిడుగుపాటు వలన ఆ సాయంత్రము నమోదుకు స్వల్ప అంతరాయము కలిగినది.’ దాన్ని పంతులు పైకి చదవలేదు.

“మావోడి పేరు రానేదు,” అందామె. “అయితే ఆడింకా సావనేదన్నమాట. అంబలి ఎట్టమంటావేటి?”

పంతులు కాగితం తిప్పి చూశాడు. మళ్లీ ఇటు తిప్పాడు. అయిదు పేర్లు చదివిన గొంతుతోనే, అచ్చులో ఉన్నట్టే, ఆరో పేరు చదివాడు.

“బుధు.”

రాయి లేచింది. ఆ సాయంత్రం సోములమ్మ ముంత కడిగి బోర్లించింది.

ఇది ఘోరమైన శాస్త్రద్రోహం! అచ్చులో లేని పేరును ఉన్నట్టు చదివిన పంతుల్ని సర్కారువారు తక్షణం బర్తరఫ్ చేయాలని మా మనవి. కొండవాళ్లు మాత్రం మర్యాద తెలిసినవాళ్లు. అయిదు రాళ్లూ అన్నమాట ప్రకారం నిలిపారు. కర్తలు తమ వీలు చూసుకుని ఎప్పుడైనా రావచ్చు.