నూటికి నూరుమంది వద్దన్న కారం

గరికపాడు చెక్‌పోస్టు దగ్గర తండ్రి నడిపే దాబాలో ఆ పొద్దున మాంసం కూరకు కారం తగ్గించాలని ముదస్సిర్ నిర్ణయించాడు. ఎంబీఏ చదివి వచ్చాక దాబాకు తాను చేస్తున్న మొదటి మేలు అది. ఊరికే కాదు, సర్వే చేసి మరీ. వారంపాటు ఆగిన ప్రతి లారీ డ్రైవర్‌నీ, "అన్నా, కడుపు పాడుచేసే కారం కావాలా, ఆరోగ్యానికి మంచి కూర కావాలా?" అని అడిగాడు.

"నూటికి నూరుమందీ ఆరోగ్యమే అన్నారు నాన్నా!"

"కడుపు పాడవ్వాలని ఎవడంటాడ్రా?" అన్నాడు బుడే సాహెబ్. కానీ కొడుకు ముఖం చిన్నబోవడం చూడలేక, "సరే, నీ ఇష్టం" అని గరిటె చేతికిచ్చి, ఏడాదికి సరిపడా మిరపకాయలు కొనడానికి చందర్లపాడు వెళ్ళాడు.

ముదస్సిర్ బయట బోర్డు కట్టాడు: "నేటి నుంచి ఆరోగ్య భోజనం."

పాత ఖాతాదారు రాంబాబు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. "ఏంటి తమ్ముడూ, పథ్యం కూరలా ఉంది? నాన్నేరి?"

"లేరన్నా. ఇక నేనే చూసుకుంటున్నా."

రాంబాబు బోర్డు వంక చూశాడు. ముఖం పాలిపోయింది. "ఎప్పుడు జరిగింది?"

కూర మార్చిన సంగతే అనుకుని, "పొద్దున్నే అన్నా," అన్నాడు ముదస్సిర్ ఉత్సాహంగా.

"ఏమన్నా మాట్లాడారా?"

"‘నీ ఇష్టం’ అన్నారు. వెళ్ళిపోయారు."

రాంబాబు తువ్వాలుతో కళ్ళొత్తుకుని లారీ ఎక్కాడు. ఎక్కగానే ఫోను తీశాడు. కబురు జగ్గయ్యపేట చేరేసరికి గుండెపోటుగా మారింది. నందిగామ చేరేసరికి అంతా అయిపోయింది.

మూడింటికల్లా దాబా ముందు లారీలు బారులు తీరాయి. సర్వే ఫలించిందని ముదస్సిర్ పొంగిపోయి, "రండన్నా, అందరూ తిని వెళ్ళండి!" అని ఎదురెళ్ళాడు.

"పాపం, పిల్లాడికి మతి చలించింది," అన్నారెవరో.

ఇంతలో నందిగామ నుంచి మేనత్త రజియాబీ ఆటో దిగి అతన్ని వాటేసుకుని బావురుమంది. "మా అన్నయ్యేడిరా?"

మిరపకాయల బస్తాలతో అప్పుడే మరో ఆటో దిగుతున్న బుడే సాహెబ్ కంగారుపడ్డాడు. "ఎవరమ్మా పోయింది?"

"నువ్వే అన్నయ్యా!" అని రజియాబీ ముందు కెవ్వుమంది, తర్వాత అన్న వీపు మీద నాలుగు బాదింది.

సంగతంతా విని బుడే సాహెబ్ కూర రుచి చూశాడు. "ఇది తిని నేను పోయాననుకోవడంలో తప్పేంలేదు," అని పొయ్యి దగ్గర కూర్చుని కొత్త మిరపకాయలు దంచి మళ్ళీ వండాడు. అంతదూరం ఏడుస్తూ వచ్చినవాళ్ళంతా ముక్కులు తుడుచుకుంటూ మారు వడ్డించుకున్నారు.

సాయంత్రం ముదస్సిర్ ల్యాప్‌టాప్ తెరిచి, సర్వే తర్వాత మొదటిరోజే భోంచేసినవాళ్ళు మూడు రెట్లు పెరిగారని నమోదు చేశాడు. వాళ్ళు వచ్చింది పరామర్శకని రాయడానికి ఆ పట్టికలో గడి లేదు.